అడిగితే ఇస్తాం

ఒక ఊరు. ఊరికి పడమటి వైపు పెద్ద చెరువు. చెరువు నడిమధ్య మెరక మీద నల్లతుమ్మ చెట్లు. తొలకరి పడి నీళ్ళు చేరగానే నత్తగుల్ల కొంగలు వచ్చి ఆ తుమ్మల మీద గూళ్ళు కట్టేవి. చలికాలానికి ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ దిగేవి. ఎండలు ముదిరేసరికి చెరువు ఎండి, పిట్టలన్నీ వెళ్ళిపోయి, ఎండుకొమ్మల మీద తెల్లటి రెట్టల చారలు మాత్రం మిగిలేవి.

ఆ ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారు ఒకాయన ప్రతి ఆదివారం తెల్లారేసరికి చెరువు గట్టు మీద ఉండేవారు. మొదట పదో తరగతి పిల్లలు వెంట వెళ్ళారు. తర్వాత పోస్టుమాస్టరు గారు, బ్యాంకు క్యాషియరు గారు, మందుల షాపు ఆయన చేరారు. అందరికీ కలిపి ఒకటే బైనాక్యులర్సు. అది చేతులు మారుతుండగానే సంఘం ఒకటి ఏర్పడింది. సంఘం అన్నాక పత్రిక ఉండాలన్నారు మాస్టారు. మూడు నెలలకొకటి, ఎనిమిది పేజీలు.

తొలి సంచికలు సైక్లోస్టైలువి. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద మాస్టారు ఇనప మొన ఉన్న కలంతో గుండ్రటి అక్షరాలు గీసేవారు. స్కూల్లో పరీక్ష పేపర్లు తీసే మిషను మీదే, హెడ్మాస్టరు గారిని అడిగి, సాయంత్రం పూట కాపీలు తీసేవారు. సున్నా చుట్టేటప్పుడు చెయ్యి కాస్త బరువైతే మైనం కాగితానికి చిల్లు పడేది. అచ్చులో ఆ సున్నా నల్లటి బొట్టులా వచ్చేది. తర్వాతి కాలంలో ట్రెడిల్ ప్రెస్సు, ఆ తర్వాత డీటీపీ వచ్చాయి. ఏది వచ్చినా ఆఖరి పేజీ మాత్రం మారలేదు. దాని పేరు ‘చెరువు లెక్క’. తూము దగ్గర ఎన్ని మెట్లు మునిగాయి, ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు, ఏ పిట్ట ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన పోయింది, అన్నీ అందులో ఉండేవి. వానలు మొహం చాటేసిన ఒక ఏడు మాస్టారు ఇలా రాశారు: ‘ఈసారి తుమ్మల మీద గూళ్ళు లేవు. కొంగలు పొరుగూరి కుంట గట్టున చింతచెట్ల మీద చేరాయని పాలబ్బాయి చెప్పగా సైకిళ్ళ మీద వెళ్ళి చూశాం. నత్తగుల్ల కొంగల గూళ్ళు నలభై ఒకటి.’ ఆ చింతచెట్లు ఎవరి చేను పక్కన ఉన్నాయో కూడా కింద రాశారు.

ఇలా ఇరవై ఏడేళ్ళు నడిచింది. మాస్టారు పోయారు. సంచికలన్నీ కట్టలు కట్టి క్యాషియరు గారింటికి చేర్చారు. అప్పటికి ఆయన రిటైరై సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. తన ఇంట్లోనే ఒక బీరువా ఖాళీ చేసి వాటిని అందులో పెట్టారు. ఏటా ఎండల్లో ఒకరోజు కట్టలన్నీ బయటికి తీసి, వసారాలో నీడపట్టున ఆరబెట్టి, అట్టల మధ్య వేపాకు పెట్టి మళ్ళీ సర్దేవారు. ఒక్క పేజీకి చెద పట్టలేదు. సొంత ఇంటి దస్తావేజుల్ని కూడా ఆయన అంత జాగ్రత్తగా చూసుకోలేదు.

మందుల షాపు ఆయన కూతురు చిన్నప్పుడు మాస్టారి వెంట గూళ్ళు లెక్కపెట్టిన పిల్ల. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు కార్యదర్శి గారింటికి వెళ్ళింది.

“బాబాయి గారూ, ఈ సంచికలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడదామండీ. నేను సెలవు పెట్టుకుని వస్తాను.”

“ఇప్పుడు మనం ఎవరికి లేదన్నామమ్మా? అడిగితే ఇస్తాం కదా! ఇదే వసారాలో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ చూపిస్తాను. అన్నీ ఊరిమీద పెట్టేస్తే రేపు సంఘంలో చేరేదెవరు, చందా కట్టేదెవరు? మాస్టారు రాసింది ఎవడో తన పేరు పెట్టుకుని వేసుకుంటే ఏం చేస్తాం?”

“ఇన్నేళ్ళలో ఎంతమంది అడిగారండీ?”

ఆయన గుర్తు చేసుకున్నారు. ఒక కాలేజీ కుర్రాడు, ఒక పేపరు విలేకరి. “అవసరమైనవాళ్ళు వాళ్ళే వస్తారు తల్లీ” అన్నారు. ఆయన మాటలో పిసినారితనం లేదు. ఉన్నది భయం. మాస్టారు తన చేతిలో పెట్టిపోయిన సొమ్ము చెయ్యిజారుతుందేమోనన్న భయం. అది తెలుసు కాబట్టే ఆ అమ్మాయి రెట్టించలేదు.

ఆ ఎండాకాలం చెరువుకి పూడికతీత మంజూరైంది. మంచి పనే, రైతులు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరు కుర్రాడు ఏప్రిల్‌లో వచ్చి చూశాడు. చెరువు నెర్రెలిచ్చి ఉంది. మధ్యలో మోడువారినట్టు తుమ్మచెట్లు. పిట్ట అన్నది లేదు. అంచనా కాగితాల్లో చెట్ల గురించి, జంతుజాలం గురించి ఒక గడి నింపాలి. కుర్రాడు శ్రద్ధ ఉన్నవాడు. రాత్రి కూర్చుని ఊరి పేరు, చెరువు పేరు తెలుగులో కొట్టి వెతికాడు, ఇంగ్లీషులో కొట్టి వెతికాడు. ఊరి పిన్‌కోడు, వాతావరణం, ఎమ్మెల్యే గారి పర్యటన వచ్చాయి గాని పిట్టల మాట ఒక్కటీ రాలేదు. గట్టు మీద గొర్రెలు కాసుకునే వాళ్ళని అడిగాడు. “కొంగలొస్తాయి సారూ, యాడైనా వస్తాయి గదా” అన్నారు. గడిలో ‘చెప్పుకోదగినవి లేవు’ అని రాశాడు. పది రోజుల్లో తుమ్మలు పోయాయి. మెరక తవ్వి మట్టి పొలాలకు తోలారు.

కార్యదర్శి గారు ఆ వేసవి కూతురి దగ్గర హైదరాబాద్‌లో ఉన్నారు. తిరిగొచ్చి గట్టు మీదికి వెళ్ళి చూసి, ఇంటికొచ్చి, బీరువా తీసి, రెండు కట్టలు సంచిలో వేసుకుని నేరుగా ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళారు. కోపంతో మాట తడబడుతోంది.

“ఇరవై ఏడేళ్ళ లెక్క బాబూ ఇది! చెట్టు చెట్టుకీ, గూడు గూటికీ రాసి ఉంది. చూడకుండా ఎలా కొట్టేశారు?”

కుర్రాడు కట్టలు విప్పాడు. ఒక్కో ‘చెరువు లెక్క’ చదువుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

“ఇందులో ఒక్క పేజీ కనిపించినా ఆ మెరక వదిలేసి చుట్టూ తవ్వించేవాణ్ణి సార్. నీళ్ళ లెక్కకి పెద్ద తేడా కూడా వచ్చేది కాదు.”

“అడిగితే ఇచ్చేవాళ్ళం కదయ్యా!”

“ఏమని అడగను సార్? ఎవరిని అడగను? మీ ఇంట్లో బీరువా ఉందనీ, అందులో మా చెరువు ఉందనీ నాకెలా తెలుస్తుంది?”

కార్యదర్శి గారి దగ్గర దానికి జవాబు లేదు. ఆ రాత్రే మందుల షాపు అమ్మాయికి ఫోన్ చేశారు. “ఎప్పుడొస్తావమ్మా?” అని మాత్రం అడిగారు.

దసరా సెలవులకు వచ్చింది. వసారాలో బల్ల మీద స్కానర్ పెట్టారు. తుప్పు పట్టిన పిన్నులు లాగితే కాగితం చిరుగుతుంది కాబట్టి కార్యదర్శి గారు సన్నటి కత్తి మొనతో పిన్ను కాళ్ళు మెల్లగా ఎత్తి విప్పేవారు. సైక్లోస్టైలు కాగితం పల్చన. వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపించి స్కాను గజిబిజి అయ్యేది. ఆ అమ్మాయి ప్రతి కాగితం వెనకా ఒక నల్ల అట్ట పెట్టింది, వెనక రాత మాయమైంది. అచ్చు సంచికల్ని కంప్యూటరే చదివి అక్షరాలు చేసింది. మాస్టారి చేతిరాతని అది చదవలేకపోయింది. ఆ ‘చెరువు లెక్క’లన్నీ కార్యదర్శి గారు చదువుతుంటే ఆమె టైపు చేసింది. ప్రతి ఊరి పేరు, కుంట పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చేర్చింది. ఒకే పేరుని జనం రెండు రకాలుగా రాస్తారనుకుంటే రెండూ పెట్టింది.

తర్వాత రెండేళ్ళకు కార్యదర్శి గారికి ఒక ఫోను వచ్చింది. అవతల పొరుగూరి నుంచి డిగ్రీ చదివే అమ్మాయి.

“నమస్తే అండీ. మీ పత్రికలో చింతచెట్ల గురించి ఉంది చూడండి, నలభై ఒక్క గూళ్ళని. ఆ పక్క చేను మా తాతయ్యదేనండీ. మా ఊరి రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చెట్లకు గుర్తులు పెట్టారు. మా ఊరి పేరు కొట్టి ఇంకేదో వెతుకుతుంటే మీ పేజీ వచ్చింది. ప్రింటు తీసి గ్రామసభలో చదివానండీ. రోడ్డు కుంటకి అటువైపు నుంచి మళ్ళించారు.”

“చెట్లు ఉన్నాయా అమ్మా?”

“ఉన్నాయండీ, ఈ ఏడు కొంగలు గూళ్ళు కూడా పెట్టాయి. ఎలా లెక్కపెట్టాలో చెబుతారేమోనని చేశాను.”

ఆ అమ్మాయి సంఘాన్ని అడిగింది అప్పుడే, చెట్లు నిలిచాక.

నీతి

అడిగినవాడికి ఇవ్వడం మంచి గుణం. అయితే ఒక వస్తువు ఉందనే తెలియనివాడు దాన్ని అడగలేడు. సంఘాల పాత పత్రికల్ని ఇంటర్నెట్‌లో పెట్టాలని నేను గట్టిగా అనేది ఈ కారణానికే. ఏనాడో ఎవరికో పనికొచ్చే సంగతి మన దగ్గర ఉందని ఆ మనిషికి తెలియదు. ఆ మనిషి ఎవరో మనకీ తెలియదు. ఇద్దరూ కలిసే చోటు ఒకటి ఉండాలి.

పిట్టల కథే చెప్పడానికి కారణం ఉంది. అభిరుచి కొద్దీ నడిపిన చిన్న పత్రికల మీద ఇంతగా ఆధారపడిన విద్య మన దేశంలో మరొకటి లేదేమో. 1870లలో ఎ.ఓ. హ్యూమ్ మొదలుపెట్టి నడిపిన ‘స్ట్రే ఫెదర్స్’ పక్షుల మీద ఇష్టం ఉన్న ఉద్యోగులు, సైనికాధికారులు పంపిన నోట్సుతో నిండిన పత్రిక. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ 1886లో మొదలైంది. 1960 ప్రాంతంలో జఫర్ ఫతేహల్లీ సైక్లోస్టైలు కాగితాలతో ‘న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్’ మొదలుపెట్టి దశాబ్దాలపాటు నడిపారు. ఇవాళ ఇవన్నీ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల పేజీ పేజీ స్కాన్ అయి ఉన్నాయి. మన దగ్గరా 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ‘మయూర’, ‘పిట్ట’ అనే పత్రికలు తెచ్చింది. ఇప్పుడు అది డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. పెద్ద సంఘాల కాగితాలకు ఏదో ఒక దిక్కు దొరుకుతుంది. నాకు బెంగ చిన్న ఊళ్ళ సంఘాల గురించి.

పాత నమోదు ఎంత పని చేస్తుందో మన కలివికోడి చెబుతుంది. 1848లో శాస్త్రానికి పరిచయమైన ఈ పిట్ట 1900 తర్వాత కనిపించకుండా పోయింది. అయినా పెన్నా, గోదావరి లోయల్లో ఎక్కడెక్కడ చూశారో పాత రాతల్లో ఉండబట్టి, వెతికేవాళ్ళకు ఎటు వెళ్ళాలో తెలిసింది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే స్థానికుడి సాయంతో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ కనుక్కున్నారు. తర్వాత తెలుగు గంగ కాలువ ఆ పొదల మీదుగా పోబోతే కాలువ దారే మార్చారు. పిట్ట అక్కడ ఉందన్న మాట ఎవరి డైరీలోనో ఉండిపోయి ఉంటే కాలువని ఆపడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండేది కాదు.

కార్యదర్శి గారి భయాలు కొట్టిపారేసేవి కావు. చందాల సంగతి తేలిక. ఆదివారం పొద్దున గట్టు మీద పక్కన నిలబడి ‘అదిగో చింతవొక్కు’ అని చూపించే మనిషి కోసం జనం సంఘంలో చేరతారు, పాత కాగితం కోసం కాదు. రచనల హక్కు మాత్రం నిజంగా ఆలోచించాల్సిన విషయం. సభ్యుడు రాసిన వ్యాసం మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, మామూలుగా ఆ సభ్యుడిదే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం అది రచయిత పోయాక కూడా 60 ఏళ్ళపాటు ఆయన వారసులకు ఉంటుంది. కాబట్టి ఉన్నవాళ్ళని, లేనివాళ్ళ పిల్లల్ని ఒక చిన్న ఉత్తరంతో అడగాలి. నాన్నగారి వ్యాసం పదిమందీ చదువుతారంటే వద్దనే పిల్లలు అరుదు. ఏ షరతుల మీద వాడుకోవచ్చో, రచయిత పేరు తప్పక వెయ్యాలని, మొదటి పేజీలోనే రాసిపెడితే ‘ఎవడో తన పేరు పెట్టుకుంటే’ అన్న భయానికి కొంత విరుగుడు.

ఉన్నది ఉన్నట్టు పెట్టకూడనివీ ఉంటాయి. పాత సంచికల వెనక పేజీలో సభ్యుల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అవి ఆనాడు వందమందికి పంచిన కాగితం మీదివి, లోకమంతటికీ ఇచ్చినవి కావు. వాటిని కప్పేయాలి. అరుదైన పిట్ట గూడు ఏ గుట్ట మీద ఏ పొదలో ఉందో అడుగులతో సహా రాసి ఉంటే, ఆ ముక్క కూడా వేటగాళ్ళ కంట పడకుండా ఆపాలి. పిట్టల లెక్కలు నమోదు చేసే ‘ఈబర్డ్’ కూడా ముప్పున్న కొన్ని జాతులు కనిపించిన చోటుని అందరికీ చూపించదు. ఊరి తుమ్మల మీద వందల గూళ్ళు కట్టే కొంగలకు ఆ దాపరికం అక్కర్లేదు. వాటికి నలుగురికీ తెలియడమే రక్ష. ఏది ఏ కోవలోదో తేల్చగలిగేది ఆ సంఘం వాళ్ళే.

పెట్టడం ఒక ఎత్తు, అది నిలవడం ఇంకో ఎత్తు. జియోసిటీస్ అనే ఉచిత చోట లక్షలాది మంది పేజీలు కట్టుకున్నారు. 2009లో యాహూ దాన్ని మూసేసింది. సంఘం సొంత సైటైనా అంతే. సైటు పేరుకి ఏటా కట్టాల్సిన డబ్బు కట్టేవాడు ఊరు మారితే సైటు మాయమవుతుంది. అందుకని ఒక ప్రతి సంఘం సైటులో, ఒక ప్రతి ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట, ఇంకో రెండు ప్రతులు ఇద్దరి ఇళ్ళలో హార్డ్‌డిస్కుల్లో ఉండాలి. కాగితం ప్రతుల్ని మాత్రం పారేయకండి.

డీటీపీ కాలం సంచికలు ఇంకో చిక్కు తెస్తాయి. కంప్యూటర్లో ఫైళ్ళున్నాయి కదా, వాటినే పెట్టేద్దాం అనిపిస్తుంది. కానీ అవి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్లో చేసినవి. కంటికి తెలుగే, కాపీ చేసి చూస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. తెలుగు యూనికోడ్ 1991 నుంచే ఉన్నా మన అచ్చు దుకాణాలు దాని దారికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అలాంటి ఫైలు ఇంటర్నెట్‌లో ఉన్నా వెతికేవాడికి దొరకదు. కథలో ఇంజనీరు ఊరి పేరు కొట్టినప్పుడు ఏమీ రాలేదు చూడండి, ఆ ఫైలు అప్పటికే పెట్టి ఉన్నా అదే జరిగేది. ఫాంటు మార్చే పనిముట్లు ఉన్నాయి, వాటితో యూనికోడ్‌లోకి తేవాలి. మార్చాక ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో మనిషి కూర్చుని చూడాలి. దానికి సమయం లేకపోతే కనీసం ప్రతి సంచికకీ విషయసూచిక, అందులో వచ్చిన ఊళ్ళ పేర్లు యూనికోడ్‌లో టైపు చేసి జత చేసినా సగం పని అయినట్టే.

ఇంత చెప్పాక అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని స్కానింగు కాదంటాను. బీరువాలో పెట్టిన కాగితం ఇంకో పదేళ్ళయినా ఉంటుంది. ‘వి.ఎస్.’ అని పొడి అక్షరాలతో రాసింది ఎవరు, మాస్టారు ‘పాత రేవు’ అన్నది చెరువుకి ఏ మూల, ‘పెద్ద తుమ్మ’ ఎక్కడుండేది, ఇవి చెప్పగల పెద్దవాళ్ళు సంఘంలో ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. స్కానర్ కొనేలోపే సంచికల కట్ట ఒకటి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళండి. పేజీలు తిప్పుతూ అడగండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పేజీ నంబరు పైకి చదివి అడిగితే తర్వాత టైపు చేసేవాళ్ళకి ఏ జవాబు ఏ పేజీదో వెతుక్కునే పని తప్పుతుంది.